నా కోసం మా ఆవిడకు కొన్న రీలు

భార్యకు కానుక కొనడం ఒక కళ. ఆ కానుక తిరిగి మన చేతికే వచ్చేలా కొనడం ఇంకా పెద్ద కళ. ఈ రెండో కళలో నాకు నేనే సాటి అనుకునేవాణ్ణి. మొన్న ఆగస్టులో ఆ భ్రమ వదిలింది. ఎలా వదిలిందో చెప్తాను, మీలో ఎవరికైనా పెళ్ళిరోజు దగ్గర్లో ఉంటే కాస్త జాగ్రత్తగా వినండి.

పద్ధతి తేలికే. కొన్న వస్తువుతో ఆవిడకు ఏ పనీ ఉండకూడదు, అంతే. ఒక పెళ్ళిరోజుకు పెద్ద హెడ్‌ఫోన్లు కొన్నాను. "నాకెందుకండీ ఇవి, మీరే పెట్టుకోండి," అంది మా ఆవిడ భువన. మరుసటేడు కొండలెక్కే బూట్లు కొన్నాను, నా సైజువి. "అయ్యో, తొందరలో మీ కొలత తెచ్చేశారు," అని నాకే తొడిగింది. పాపం అమాయకురాలు అనుకున్నాను.

నా పేరు సూర్యప్రకాశరావు. ఫిలింనగర్లో సూర్యం అంటే చాలు. సినిమాలకు చప్పుళ్ళు చేస్తాను. తెర మీద హీరో నడిస్తే ఆ అడుగులు నావి. విలన్ చెయ్యి విరిగితే, అది నేను మైకు ముందు విరిచిన ములక్కాడ. ఒక్కో ఫైటుకు రెండు కిలోలు పడతాయి. మిగిలినవి మా ఇంట్లో పులుసులోకి వస్తాయి. అందుకే మా ఇంట్లో పులుసు పెట్టారంటే ఊళ్ళో ఎక్కడో ఎవరికో దెబ్బలు పడ్డట్టు లెక్క.

భువనది కుట్టుపని. జూబ్లీహిల్స్ డిజైనర్లు గీసి పంపితే, ఇరవై ఆరేళ్ళుగా హీరోయిన్ల బట్టలు మా హాల్లోనే తయారవుతున్నాయి. అలాంటిది జూన్‌లో మెడ పట్టేసింది, కళ్ళు మంటలెక్కాయి. మూడు నెలలు సూది ముట్టుకోవద్దన్నాడు డాక్టరు.

"దగ్గరి చూపు పని మానండమ్మా. దూరంగా ఉన్నవాటిని చూస్తూ ఉండండి," అన్నాడు.

"దూరంగా ఏముందండీ, ఎదురింటి వాటర్ ట్యాంకు తప్ప," అంది భువన.

ఆ ట్యాంకునే చూస్తూ బాల్కనీలో కూర్చునేది. ఏమడిగినా "ఊ". టీ తాగుతావా? ఊ. అన్నం పెట్టనా? ఊ. చప్పుళ్ళతో బతికేవాణ్ణి కదా, ఇంట్లో ఏ చప్పుడు తగ్గిందో నాకు ముందు తెలుస్తుంది. మిషను ఆగిపోయింది. ఆవిడ కూనిరాగం ఆగిపోయింది. చివరికి నన్ను తిట్టడం కూడా ఆగిపోయింది. అప్పుడు నిజంగా భయం వేసింది.

అలాంటి సమయంలో మనిషికి పెళ్ళాం గురించి ఆలోచన రావాలి. నాకు రీలు గురించి వచ్చింది. మీ దగ్గర దాపరికం ఎందుకు?

రీలంటే సినిమా రీలు కాదు, ఫోన్లో పిల్లలు తీసేదీ కాదు. చేపలు పట్టే రాడ్డుకు బిగించేది. ఆదివారాలు నేనూ, ప్రొడక్షన్ మేనేజరు త్రినాథరావూ చేవెళ్ళ దారిలో ఒక చెరువుకు వెళ్తాం. వాడి దగ్గర బెయిట్‌కాస్టింగ్ రీలు ఉంది. రాడ్డు పైన కూర్చుంటుంది. ఎర విసరగానే దారం చుట్టిన చరఖా గిర్రున తిరుగుతుంది, దాన్ని బొటనవేలితో అదుపు చెయ్యాలి. గట్టిగా నొక్కితే ఎర కాళ్ళ దగ్గరే పడుతుంది. వదిలేస్తే దారమంతా పిచ్చుక గూడు అయిపోతుంది.

"ఇది అందరి వల్లా కాదురా సూర్యం. నీకు ఆ మామూలు రీలే సుఖం," అనేవాడు త్రినాథం ప్రతి ఆదివారం. ఆ మాట నాకు గుచ్చుకుంది. తామరాకుల సందుల్లోకి నాలుగు గ్రాముల చిట్టి ఎరలు విసిరి, వాడి నోరు మూయించాలని నిశ్చయించుకున్నాను. పెళ్ళిరోజుకు ఇంకా పన్నెండు రోజులుంది.

టోలిచౌకిలో ఓంప్రకాష్ అని చేపల సామాను కొట్టతను ఉన్నాడు. రీళ్ళన్నీ బల్ల మీద పరిచాడు. నేను కళ్ళు మూసుకుని ఒక్కోటీ చెవి దగ్గర పెట్టుకుని తిప్పాను. బూట్లయినా, తలుపు గొళ్ళాలయినా నేను అలాగే కొంటాను. నాలుగోది తిప్పేసరికి ఒళ్ళు పులకరించింది. కిర్ర్ర్ మని నిండుగా, గుండ్రంగా పలికింది.

"ఇదే కావాలి," అన్నాను.

"సార్, జర నా మాట ఇనుండ్రి. గిది పెద్ద చేపలది. చరఖా బరువు ఉంటది, నలభై గ్రాముల ఎర గుంజితేనే సక్కగ తిరుగుతది. మీరేమో నాలుగు గ్రాములది ఏస్తనంటున్రు. గీ చిన్నది తీస్కోండ్రి. చరఖా పల్చగ ఉంటది, ఊదితే తిరుగుతది."

"అది అసలు పలకడమే లేదు కదయ్యా."

"పలుకుడుతోని ఏం పని సార్? ఇననీకె చేప పాటల పోటీకి వస్తలేదు కదా!"

కళ గురించి అతనితో వాదించడం దండగనిపించింది. పెద్దదే కట్టించుకుని, దానికి తగిన రాడ్డు కూడా తీసుకుని, పెళ్ళిరోజు సాయంత్రం భువన చేతిలో పెట్టాను. ఎరగా కట్టే నాలుగు గ్రాముల బొమ్మ చేప కూడా ఇచ్చాను. ఇక "నాకెందుకండీ" అనడమే తరువాయి. ముందే చేతులు చాచి సిద్ధంగా నిలబడ్డాను.

భువన పెట్టె విప్పింది. రీలును అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాకేనా?" అంది.

"నీకే."

"బాగుంది," అని లేచి, బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. చాచిన చేతులతో ఏం చెయ్యాలో తెలియక నేను గోడ మీది క్యాలెండరు సరిచేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇంకో పథకంతో లేచాను. "భువనా, అది వాడటం చాలా కష్టం. నేను చూపిస్తాను రా," అన్నాను. కష్టం చూస్తే భయపడి తనే వదులుకుంటుందని నా ఊహ. భువన బీరువా తెరిచి రీలు తీసింది. ఇద్దరం మేడ మీదికి వెళ్ళాం.

బొమ్మ చేపకున్న కొక్కేలు తీసేసి, నీళ్ళ ట్యాంకు వైపు గురి చూసి బలంగా విసిరాను. ఎర నా చెప్పు పక్కనే పడింది. చరఖా మాత్రం నిండుగా, గుండ్రంగా పలికింది. తల వంచి చూస్తే రీలులో పిచ్చుక గూడు.

"ఇలా కష్టం అన్నమాట," అంది భువన.

"తప్పు ఎరది. బరువు చాలలేదు," అన్నాను. చిక్కుపడిన దారం కత్తిరించి, బొమ్మ చేపను తీసేసి, జేబులోంచి ఇంటి తాళాల గుత్తి తీసి కట్టాను.

ఈసారి బ్రహ్మాండంగా వెళ్ళింది. మా ట్యాంకు దాటింది, మా పిట్టగోడ దాటింది. మా పక్క మేడను సీరియళ్ళకు అద్దెకిస్తారు. అక్కడ ఒక అత్తగారు కోడలి ముందు చాప మీద కూర్చుని, "ఈ ఇంట్లో నాకింక ఏ అధికారమూ లేదమ్మా," అని ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే మా తాళాల గుత్తి వెళ్ళి ఆవిడ ఒళ్ళో పడింది.

అనుభవం ఉన్న నటి. ఏడుపు ఆపలేదు. గుత్తి తీసి బొడ్లో దోపుకుంది.

కంగారులో నేను పిడి తిప్పేశాను. పెద్ద చేపల రీలు కదా, లాగడంలో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు. అత్తగారు చాప మీద నుంచి లేచి, ఏడుస్తూనే, మా వైపు నాలుగు అడుగులు వేసింది. దారం మైకు కర్రకు చుట్టుకుంది, మైకు కోడలి నెత్తిన పడింది. "కట్! కట్!" అని డైరెక్టరు అరిచాడు. నేను దారం కట్ చెయ్యమన్నాడనుకుని కత్తెర కోసం వెతుక్కుంటున్నాను.

మైకు పట్టుకున్న లాస్య నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే. పిట్టగోడ దగ్గరికి వచ్చి, "సూర్యం సార్! ఈ సీన్లో తాళాల చప్పుడు లేదు సార్! ఉంటే స్టూడియోలో పెట్టుకుంటాం కదా!" అంది.

వెనక్కి తిరిగి చూస్తే భువన మెట్ల మీద కూలబడి ఉంది. ఏమైందోనని పరిగెత్తాను. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. రెండు నెలల తరవాత విన్నాను ఆ నవ్వు. పక్క మేడ మీద నన్ను ఎవరెవరు ఏమేం తిడుతున్నారో ఒక్కటీ నా చెవిన పడలేదు.

ఆ సాయంత్రం రీలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండో విసురులో మళ్ళీ పడ్డ చిక్కు తీయడం మొదలుపెట్టింది భువన.

"కళ్ళకు పని చెప్పొద్దన్నారుగా," అన్నాను.

"కళ్ళెందుకు? వేళ్ళకు తెలుసు." పది నిమిషాల్లో మొత్తం విడిపోయింది. "ఏవండీ, ఇది మిషనులో దారం చుట్టే బాబిన్ లాంటిదే కదా. దారం లాగేదాని కంటే బాబిన్ ఎక్కువ జోరుగా తిరిగితే చిక్కు పడుతుంది. పక్కనున్న ఈ స్క్రూ బిగిస్తే నెమ్మదిస్తుంది."

"అదీ... అలాంటిదే," అన్నాను. ఆ స్క్రూ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"కానీ మీ బాబిన్ మరీ బరువండీ. సన్న పట్టుదారానికి గోనె సంచులు కుట్టే బాబిన్ వేసినట్టుంది. ఆ చిట్టి చేప దీన్ని ఎక్కడ తిప్పగలదు?"

సందు దొరికింది కదా అని, "నిజమే, నీకెందుకులే ఈ తలనొప్పి. నేనే ఉంచుకుంటాను," అన్నాను.

"అబ్బే, మీరు ప్రేమగా ఇచ్చింది," అంటూ మళ్ళీ బీరువా తాళం వేసింది.

బుధవారం నేను స్టూడియోలో వాన కురిపిస్తుండగా ఓంప్రకాష్ ఫోన్ చేశాడు.

"సార్, మేడమ్ ఒచ్చి రీలు మార్చుకొని పోయింది. రాడ్డు గూడ సన్నది తీస్కున్నది. ఒక్కొక్క చరఖా ఊది చూసింది సార్! మీరు ఇనని మాట నేను చెప్పకముందే ఆమెకు తెలిసింది."

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మేడ మీద భువన. నన్ను రానివ్వలేదు. పక్క మేడవాళ్ళు కూడా నన్ను రానివ్వొద్దని చెప్పారట. చరఖాకు సగమే దారం చుట్టిందని, బొటనవేలు దాని మీద తడి గుడ్డ ఆనించినట్టు ఉంచుతోందని, అన్నం తినేటప్పుడు తనే చెప్పేది. చెప్తూ చెప్తూ నా కంచంలో రెండోసారి కూర వెయ్యడం మరిచిపోయేది. నేనూ అడిగేవాణ్ణి కాదు.

ఆదివారం ముగ్గురం చెరువుకు వెళ్ళాం. త్రినాథం భువనను చూసి, "చెల్లెమ్మా, ఇది మగాళ్ళకే లొంగదు," అన్నాడు.

"అవునన్నయ్యగారూ, మా ఆయన్ని చూశాగా," అంది భువన.

మణికట్టు ఒక్కసారి ఆడించింది. చప్పుడే లేదు. నాలుగు గ్రాముల బొమ్మ చేప బారుగా వెళ్ళి, రెండు తామరాకుల మధ్య, చెయ్యి పెట్టి దించినట్టు దిగింది. త్రినాథం నోరు తెరిచాడు. మూడో విసురుకు జానెడు కొరమీను పడింది. దాన్ని తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి, "పోవే, మీ అమ్మకు చెప్పు," అని నీళ్ళలో వదిలేసింది. ఆ తరవాత అవతలి గట్టు వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది.

"దూరం చూడమన్నారుగా," అంది నాతో.

"చెల్లెమ్మా, ఆ స్క్రూ ఎంత బిగించావు?" అని మెల్లగా అడుగుతున్నాడు త్రినాథం. వాడి నోరు మూయించాలన్న నా కోరిక తీరింది. కానీ మూయించింది నేను కాదు.

ఇక నిజం చెప్పేయాలనిపించింది. "భువనా, ఆ రీలు నీ కోసం కొనలేదు. నా కోసమే కొన్నాను."

"తెలుసండీ. ఏటా తెలుసు. ప్రతిసారీ మీ మొహం చూసి ఇచ్చేసేదాన్ని. ఈసారి మీరే నా మొహం చూడండి."

చూశాను. జూన్ నుంచి కనపడకుండా పోయిన మనిషి నా ఎదురుగా నిలబడి ఉంది. అయినా నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఒక్కసారి నేను వేస్తాను, ఇవ్వవా?"

ఇచ్చింది. పిడి కోసం కుడివైపు తడిమితే ఏమీ తగల్లేదు.

"పిడి ఎడమవైపు ఉంది. ఇటు మార్చడానికి కుదరదట," అంది భువన.

"నాకు ఎడమచెయ్యి తిరగదు కదా!"

"అది చూసే తీసుకున్నాను." రీలు నా చేతుల్లోంచి మెల్లగా తీసేసుకుంది. "అంత మోజుగా ఉంటే మీ పుట్టినరోజుకు నాకు ఇంకొకటి కొనిపెట్టండి. అప్పుడు ఇది మీకిస్తాను."

వచ్చే నెల పన్నెండున నా పుట్టినరోజు. నిన్న టోలిచౌకి వెళ్ళి వచ్చాను. ఏ రీలు కావాలో భువనే కాగితం మీద రాసిచ్చింది, కళ్ళు నొప్పి పుట్టకుండా పెద్ద పెద్ద అక్షరాలతో. ప్రస్తుతం నేను బాల్కనీలో కూర్చుని ఖాళీ ఎడమచెయ్యి గాల్లో తిప్పడం ప్రాక్టీసు చేస్తున్నాను. వంటింట్లోంచి భువన చూసి పడీ పడీ నవ్వుతోంది. ఇంకా కాసేపు నవ్వనీ అని నెమ్మదిగానే తిప్పుతున్నాను.