కిర్రు చెప్పుల డిటెక్టివ్

ప్రతి ఇంటికీ ఒక డిటెక్టివ్ ఉండి తీరాలి. నవ్వకండి. కుళాయి కారితే ప్లంబర్ని పిలుస్తాం, పన్ను కదిలితే డెంటిస్టు దగ్గరికి పరిగెడతాం. మరి మన ఇంట్లో ఏం జరుగుతోందో మనకే తెలియకపోతే ఎవర్ని పిలవాలి?

అందుకే నేను ప్రైవేట్ డిటెక్టివ్ కోర్సులో చేరాను. ఆరు వారాలు, టైలరు షాపు పైనున్న గదిలో క్లాసు. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకుని రిటైరైన పెద్దాయన మా మాస్టారు. యాభై రెండేళ్ల వయసులో, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనిషికి ఈ వృత్తి తగునా అని మీకు అనుమానం రావచ్చు. వస్తే మంచిదే. అనుమానమే డిటెక్టివ్‌కి మొదటి అర్హత అన్నారు మాస్టారు.

ఆ తర్వాతది పరిశీలన. ఒకరోజు మమ్మల్ని బయటికి పంపి, గదిలో గోడ గడియారం ఏ రంగుదో రాయమన్నారు. గోధుమరంగు అని రాశాను. గదిలో గడియారమే లేదు. ఊహాశక్తికి అదనంగా మార్కులు పడతాయనుకున్నాను, పడలేదు.

వేషాల పాఠం అయ్యాక, అతికించుకున్న మీసంతో టీ తాగబోతే మీసం కాస్తా గ్లాసులో పడింది. టీ కొట్టాయన దాన్ని స్పూనుతో తీసిచ్చి, "ఇంకో టీ పెట్టమంటారా?" అని మాత్రం అడిగాడు. డిటెక్టివ్‌కి కావలసిన నిబ్బరం అంటే అదీ! అది ఆయనకుంది.

ఇక ఆఖరి పరీక్ష. ఎవరో ఒకర్ని పసిగట్టనీయకుండా వెంబడించి రిపోర్టు రాయాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, నేను మా ఆవిడను ఎంచుకున్నాను. కేసు షీటులో ఫిర్యాదు అన్నచోట ఇలా రాశాను: "ఈమె ఏడాదిగా నా మాట వినడం లేదు. పిలిస్తే పలకదు. మంగళ, శుక్రవారాల్లో చెప్పకుండా బయటికి పోతోంది."

నిజం చెప్పొద్దూ, ఇరవై ఆరేళ్ల కాపురం. ఆవిడకి నా మీద విసుగు పుట్టిందేమోనని, అడిగితే అవునంటుందేమోనని భయం. అడగడం కన్నా వెంబడించడం తేలిక. డిటెక్టివ్ విద్య గొప్పదనం అదేగా!

మంగళవారం ఆవిడ వెనకే బయల్దేరాను. చెప్పులు చప్పుడు చేయకూడదన్నది మాస్టారి పాఠం. నావేమో కిర్రుకిర్రులాడే తోలు చెప్పులు. పండ్ల బండాయన తలెత్తి చూశాడు. గేటు దగ్గర పడుకున్న కుక్క లేచి దారిచ్చింది. మా ఆవిడ మాత్రం, పది అడుగుల ముందు నడుస్తూ, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మలుపు దగ్గర గట్టిగా తుమ్మాను. ఊహూ. చదువు ఒంటబట్టడమంటే ఇదీ!

ఆవిడ ఒక మేడ ఎక్కింది. నేనూ రొప్పుతూ ఎక్కాను. తలుపు మీద బోర్డు ఉంది: చెవి వైద్యులు.

లోపల బెంచీ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. తన కుడి పక్కన చోటు చూపించి, "ఇటు కూర్చోండి. ఎడమది పోయింది. దీనికైనా దగ్గరి మాటలే అందుతాయి" అంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏడాది దాటింది. మీ చెవిన మూడుసార్లు వేశాను. ఫోన్ చూస్తూ 'ఊఁ' అన్నారు. మంగళ, శుక్రవారాలు ఇక్కడికొస్తున్నానని కూడా చెప్పాను. దానికీ 'ఊఁ' అన్నారు."

మాట వినడం లేదని రాశాను చూశారా, ఆ ముక్క అక్షరాలా నిజం. ఎవరు వినడం లేదన్న దగ్గరే పొరబడ్డాను.

అంతలో నర్సు మా దగ్గరికొచ్చి వంగి, "మీ ఇద్దరిలో వినపడనిది ఎవరికండీ?" అంది.

మా ఆవిడ నన్నోసారి ఎగాదిగా చూసింది. "ముందు నన్ను చూడండి. ఆయనది పాత కేసు."

కోర్సు పూర్తయింది. చప్పుడు కాకుండా వెంబడించినందుకు మాస్టారు నూటికి నూరు వేశారు. సర్టిఫికెట్ గోడకు తగిలించాను, గడియారం ఉండాల్సిన చోట.

మొన్న ఆవిడ చెవికి మిషన్ పెట్టారు. ఇద్దరం కలిసి మెట్లు దిగుతుంటే సగంలో ఆగి నా కాళ్ల వైపు చూసింది.

"ఈ చెప్పులతోనా నన్ను వెంబడించారు?"

"ఊఁ" అన్నాను. ఈసారి విని అన్నాను.