అరసోల మేక పాలు

దివిసీమలో యలమంద సంసారమంతా ఒక్క గేదె పాల మీదే నడుస్తోంది. ఆ రోజు పొద్దున్నే, పాల ప్రోటీన్ల మీద పరిశోధన చేస్తున్న తేజస్విని మచిలీపట్నం నుంచి ఐసుపెట్టెతో వస్తానంది. సీసా నిండా పాలిస్తానని యలమంద మాటిచ్చాడు.

తీరా పితుకుతుంటే గేదె కాలు ఝాడించింది. బకెట్టు బోర్లాపడి, సీసాకు సగమే మిగిలాయి. ఇంటికొచ్చిన ఆడపిల్లకు అరకొరగా పోస్తే పరువేం కాను? పక్కింటి కృపమ్మనడిగి అరసోల మేక పాలు తెచ్చి, గుట్టుగా సీసా నింపేశాడు. మర్యాద అంటే చచ్చేంత పిచ్చి మహానుభావుడికి!

పది రోజులకు తేజస్విని ఫోను చేసింది.

"బాబాయ్‌గారూ, జన్యువు ఒకటే అయినా, పాల ప్రోటీను తయారీకి అందులో ఏ ముక్క కత్తిరించి ఏది అతికించాలో ఒక్కో జాతికి ఒక్కో పద్ధతండీ. మీ గేదె పాలల్లో మేక పద్ధతి కూడా కనబడుతోంది! ఏమన్నా కలిపారా?"

"ఎంతమాట! చుక్క నీళ్లు కూడా కలపలేదమ్మా."

మర్నాడే ఆ పిల్ల ప్రొఫెసర్ని వెంటబెట్టుకొచ్చి గేదె రక్తం తీయించింది. "ఇలాంటి గేదె ఇంకెక్కడా లేదయ్యా" అని ఆయన అనడమే తడవు, ఊరంతా గుప్పుమంది. మేక పాలిచ్చే గేదె ఊరికి అరిష్టమన్నారు. సాయంత్రం పాలకేంద్రం వెంకట్రామయ్య యలమంద పాలు వెనక్కి పంపేశాడు.

వారం రోజులు పాలన్నీ కాలవ పాలయ్యాయి. ఇంట్లో పొయ్యి ఒక్కపూటే వెలిగింది. యలమంద సిగ్గు చంపుకుని ముందు తేజస్వినికి నిజం చెప్పాడు. "థీసిస్‌లో రాసేశాను బాబాయ్‌గారూ" అని ఆ పిల్ల భోరుమంది. ఆ తర్వాత పాలకేంద్రం దగ్గర అందరి ముందూ చెప్పేశాడు.

వెంకట్రామయ్య తల పట్టుకున్నాడు.

"కొంప ముంచావు కదా బావా! సోమవారం శాంతి చేయించి నీ పాలు పోయించుకుందామని కమిటీలో తీర్మానం కూడా చేశాం. అరిష్టానికైతే శాంతి ఉంది. కల్తీకి ఎక్కడుంది?"

"ఆ ఒక్కరోజే బావా! అదీ మర్యాద కోసం!"

"దొరికినోళ్లందరూ అదే అంటారు."

మంగళవారం గుడివాడ నుంచి వచ్చిన పశువుల బేరగాడు గేదె చుట్టూ ఒకసారి తిరిగి బరువు అంచనా కట్టాడు. పాల సంగతి అడగనే లేదు.