నీళ్లు దిగే వాకిలి

ఆ రోజు ఉదయం భూపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, హైదరాబాద్ నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు తన వాకిట్లోని కాంక్రీటు మీద బిందెడు నీళ్లు పోయాలి. నీళ్లు ఇంకితే పాస్. పాసైనట్టు సర్టిఫికెట్ వస్తే కొత్త ఐటీ కంపెనీ పార్కింగ్ పని అతనిది. రాకపోతే అక్కడి వాచ్‌మన్ గేటు కూడా తీయడు.

ఇసుక లేకుండా కంకర, సిమెంటుతోనే పోసి, వాన నీరు నేలలోకి దిగేలా చేసే కాంక్రీటు అది. మొయినాబాద్ చుట్టుపక్కల అలాంటిది ఎవరూ చూసి ఎరగరు. ఇంట్లో మొదట డిగ్రీ చదివినవాడు భూపాల్. పుస్తకంలో ఉన్నట్టే పోసి, వారం పాటు ప్లాస్టిక్ షీటు కప్పి, కోడిని కూడా దాని మీద నడవనివ్వలేదు. ముందురోజు సాయంత్రమే షీటు తీశాడు.

స్నానం చేసి బయటికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయాడు. తల్లి పెంటమ్మ ఆ కాంక్రీటును పెండతో చిక్కగా అలికి, పైన ముగ్గు వేస్తోంది.

“అవ్వా! ఏం జేసినవ్?”

“పెద్ద మేడమొస్తదంటివి గద బిడ్డా. అన్ని బొక్కలే, పల్లీపట్టి లెక్క ఉన్నది. ఊరోళ్లు నవ్వవట్టిరి.”

భూపాల్ చెంబెడు నీళ్లు పోశాడు. ముగ్గు మీద మడుగు కట్టాయి. అప్పుడే వచ్చిన మేనమామ సంగయ్య మురిసిపోయాడు. ఆయన పేరున్న మేస్త్రీ.

“చుక్క దిగుతలేదు! గిప్పుడైంది స్లాబు.”

“దిగాలె మామా! దిగకుంటె నేను ఫెయిల్!”

“దిగాలెనా?” సంగయ్య అక్క వైపు వంగి గొంతు తగ్గించాడు. “చదివి చదివి పోరనికి ఏదో అయింది.”

భూపాల్ వదిలేసే రకం కాదు. పక్క గులాబీ తోటకు ఉరికి, మందు కొట్టే స్ప్రేయర్ మోసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కాతోనే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో రంధ్రాన్నీ నీటి ధారతో కడగసాగాడు. పెండ గోడకెగిరింది, మొహానికెగిరింది. మళ్లీ బయటపడుతున్న రంధ్రాలను చూడలేక, సంగయ్య బకెట్లో సిమెంటు చిక్కగా కలుపుకొచ్చాడు.

“జర జరుగు అల్లుడా. మేడమ్ వచ్చేలోపల అన్ని పూడుస్త. పరువు నాది గూడ.”

“నీకు దండం పెడ్త, అటు పో మామా!”

భూపాల్ కాంక్రీటు మీద అడ్డంగా పడుకున్నాడు. పెంటమ్మ కొడుకు కాలు పట్టి లాగింది. అతని చేతిలోని పైపు గేటు వైపు తిరిగింది. గేటు తీసుకుని లోపలికి వస్తున్న పరీక్షాధికారి ఉమారాణి మేడమ్ నిలువునా తడిసింది.

“ఏం జరుగుతోంది ఇక్కడ?”

భూపాల్ లేచి, పెండ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “పరీక్ష, మేడమ్.”

ఆమె మొహం తుడుచుకుంది. బిందె అందుకుని తానే నీళ్లు పోసింది. నీళ్లు ఒక్క క్షణం నిలిచాయి. సంగయ్య ముఖం వెలిగింది. మరుక్షణం గుడగుడమని దిగిపోయాయి. పెంటమ్మ సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

“రంధ్రాలు పూడుకుపోతే ఎలా శుభ్రం చేస్తారన్నది చివరి ప్రశ్న,” అంది ఉమారాణి చీర పిండుకుంటూ. “ఇక అడగక్కర్లేదు. పాస్.”

సంగయ్య బకెట్ కింద పెట్టాడు. “ఇన్నేండ్ల సంది కురవని స్లాబులు పోస్తున్న, ఒక్కడు కాయితం ఇయ్యలే అక్కా. వీడు కురిసేది ఒక్కటి పోసిండు, సర్టిఫికెట్ ఇచ్చిన్రు.”