మా పెరడు పార్కులో కలిసిన వైనం

మా ఆయన పంకాలు బాగుచేసేవారు. బాగుపడిన పంకాలు ఎవరిళ్లకు అవి వెళ్లిపోయేవి. బాగుపడనివి మా పెరట్లో కాపురం పెట్టేవి. ఆయన కొట్టు మూసేశాక అక్కడి సామాను కూడా వచ్చి వాటితో వియ్యమందింది. బట్టలు ఆరెయ్యాలంటే నేను ఆ రెక్కల మధ్య కొంగలా ఒంటికాలి మీద నిలబడాల్సిందే.

"ఈ తుక్కు తీయిస్తారా, నన్ను తీయిస్తారా?" అన్నాను ఒక పొద్దున.

"తుక్కంటావేమే! ఒక్కొక్కటీ ప్రాణమున్న మోటారు."

"ప్రాణముంటే లేచి నడవమనండి."

జవాబు దొరకనప్పుడల్లా ఆయనకు లోకసేవ గుర్తొస్తుంది. కంచె అవతల ముళ్లకంప పెరిగిన ఖాళీ స్థలం వైపు చెయ్యి చాపారు.

"ముందు వీధి బాగుపడాలి, తర్వాతే మన పెరడు. అక్కడ పార్కు కట్టిస్తాను. సర్కారు గ్రాంటు ఇస్తోంది. పార్కు అయ్యేదాకా పెరడు ఊసెత్తకు."

గ్రాంటు రాదు, పార్కు కాదు, ఈ జన్మకు మోటార్లకు ఢోకా లేదు. అదీ ఆయన ధీమా.

ఖర్మకాలి వీధిలో అందరికీ ఆ మాట నచ్చింది. మూలింటి దర్జీ వచ్చి, "మామయ్యా, పార్కు సంఘానికి మీరే అధ్యక్షులు" అన్నాడు. అంతే, మా ఆయన పంకాలా అయిదో నంబరు మీద తిరగడం మొదలుపెట్టారు.

గ్రాంటిచ్చే ఆఫీసులో మాత్రం స్థలం చాలదన్నారట. మరికాస్త ఉంటేనే గ్రాంటు. అధ్యక్ష పదవి చేజారేలా ఉంది. ఆయన కాగితం పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇల్లు నీ పేరున ఉందిగా, ఓ సంతకం పెట్టు. మన పెరడు కూడా కలిపి చూపిస్తున్నా."

"పెరడు ఇచ్చేస్తున్నారా?"

"కాగితం మీదేనే పిచ్చిదానా! ఎవడొచ్చి కొలుస్తాడు?"

"నిజంగా ఎవరూ కొలవరా?" అన్నాను దిగులుగా.

"నాదీ పూచీ" అని ధైర్యం చెప్పారు. ఏం చేస్తాం, సంతకం పెట్టాను.

గ్రాంటు వచ్చింది. వెనకే ఇంజినీరు వచ్చి టేపు లాక్కుంటూ కంచె దాటి మా పెరట్లోకి నడిచాడు.

"బాబూ, ఇది మా పెరడు!" మా ఆయన మోటార్లకు అడ్డంగా నిలబడ్డారు.

"పార్కుదని మీరే రాసిచ్చారు కదండీ. కాదంటే చెప్పండి, గ్రాంటు వెనక్కి పంపిస్తా."

వీధి వీధంతా అక్కడే ఉంది. "మామయ్యా?" అన్నాడు దర్జీ, ఏడుపు గొంతుతో.

మా ఆయన నావైపు తిరిగారు. "ఏమే, నువ్వయినా చెప్పు. స్థలం నీదని చెప్పు!"

"నాదే బాబూ" అన్నాను. "మనస్ఫూర్తిగా ఇచ్చాను. అధ్యక్షుల మాట పోకూడదు కదా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కూడా కొట్టక తప్పింది కాదు. తుక్కు బండి వచ్చింది. ఒక్కో మోటారునూ అత్తారింటికి పంపినట్టు సాగనంపారు. ఒక బుల్లి పంకాను మాత్రం గుండెకు హత్తుకుని వదల్లేదు. నాకూ జాలేసి, చూడనట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు పార్కు గేటు మీద స్థలదాతగా నా పేరు రాశారు. పొద్దున్నే మా ఆయన బల్ల మీద కూర్చుంటే, నడవడానికి వచ్చిన కొత్తవాళ్లు ఆ పేరు చదివి ఆగుతారు.

"ఎంత మంచి మనసండీ! ఈవిడ మీకు తెలుసా?"

"తెలుసుననే అనుకున్నానండీ, ఇన్నేళ్లూ" అంటారాయన.