సామాన్ల వ్యాను ముందు ఊరంతా

అది ఒహయో నది బెల్‌ఫోర్డ్ ఊళ్ళో చర్చి మెట్ల దాకా పొంగిన వరదకు రెండో ఏడు. ఊరి బేస్‌బాల్ టీము పొరుగూరి ఆటకు వెళ్ళిన ఒక సోమవారం, గ్రౌండు చూసుకునే ఎమిల్ హ్రుస్కా చిన్న పని పెట్టుకున్నాడు. ఆటగాళ్ళ గదిలో వరదనీటికి నాని బూజుపట్టిన చెక్క బీరువాలను చెత్తకుప్పకు చేర్చి, పన్నెండింటికల్లా ఇంటికెళ్ళి నడుం వాల్చాలి. అద్దెకు చిన్న ట్రక్కు దొరకలేదు. ఇల్లు మారేవాళ్ళు వాడే పెద్ద వ్యాను ఇచ్చారు. దాన్నే తెచ్చి వెనక గేటు దగ్గర ఆపి, బీరువాలు ఎక్కించసాగాడు.

బెల్‌ఫోర్డ్‌లో అలాంటి వ్యాను గ్రౌండు దగ్గర ఆపకూడదు. ఎగువ ఊరి బేస్‌బాల్ టీమును దాని యజమాని సరిగ్గా అలాంటి వ్యాన్లలోనే, జనం నిద్ర లేవకముందే వేరే ఊరికి తరలించుకుపోయాడు. ఆ సంగతి ఎమిల్‌కూ తెలుసు. ఆ వేళకు గుర్తు రాలేదు, అంతే.

ఎదురుగా డోనట్ల కొట్టు నడిపే లోర్నా పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా ఎమిల్, నువ్వూ టీమును తరలించేవాళ్ళలో కలిశావా?"

"బూజు" అన్నాడు ఎమిల్.

"ఆటగాళ్ళ బీరువాలు ఎక్కిస్తూ బూజంటావా! ఎవరి చెవిలో పూలు పెడతావ్?"

రెండో మాట వెతుక్కునే ఓపిక అతనికి లేకపోయింది. అదే కొంప ముంచింది. ఎనిమిదింటికి ఫైరింజను గేటుకు అడ్డంగా నిలిచింది. తొమ్మిదింటికి ఫాదర్ డొనెలీ వ్యాను చక్రం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పదింటికి టీవీవాళ్ళు దిగారు. ఆటకు మూడు వందల మంది కూడా రాని ఊళ్ళో వ్యానుకు తొమ్మిది వందల మంది వచ్చారు.

ఎమిల్ వ్యాను మెట్టు మీద కూలబడ్డాడు. వీళ్ళ కేకలు వింటుంటే అతనికీ భయం పట్టుకుంది. టీము పోతే ఆటగాళ్ళు దాని వెంటే పోతారు. గ్రౌండు మనిషిని ఎవరూ మూట కట్టుకుపోరు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతనికి తెలిసిన పని ఆ గడ్డి ఒక్కటే.

సాయంత్రం నాలుగింటికి టీము యజమాని లాత్రప్ కారు దిగాడు.

"అమ్మేస్తున్నావా?" అని జనం మీద పడ్డారు.

"పొద్దున దాకా ఆ ఆలోచనే లేదు. ఈ టీమును ఎవడు కొంటాడని? మధ్యాహ్నం టీవీలో మిమ్మల్ని చూసి టెనెసీ నుంచి ఒక మేయరు ఫోన్ చేశాడు. జనం ఇంత ప్రాణం పెట్టే టీము మాకూ కావాలి, కొత్త స్టేడియం కట్టిస్తానన్నాడు. సరేనన్నాను."

ఫాదర్ కుర్చీ మడిచాడు.

లాత్రప్ వచ్చి ఎమిల్ చెయ్యి పట్టుకుని ఊపాడు. "నీ మేలు మర్చిపోనయ్యా."

"మరి గ్రౌండు, సార్?"

"దానికేం? ఇక్కడే ఉంటుంది."

మర్నాడు పొద్దున్నే ఎమిల్ గేటు తీసి, కోత మిషను నడపడం మొదలుపెట్టాడు. లోర్నా కంచె పట్టుకుని నిలబడింది.

"ఇంకా ఎవరి కోసమయ్యా?"

ఎమిల్ మిషను ఆపలేదు. "గడ్డికి ఇంకా తెలీదు" అన్నాడు.