ఆగిందా, ఆపావా?

ఆ ఉదయం తాపీ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాలేజీకి వెళ్ళి, తన యానిమేషన్ చూపించి, నాలుగో ఏడు గట్టెక్కాలి. ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు కదా, తాపీ పనిలో దిట్ట కాబోలు అనుకునేరు. ఏ పనైనా తాపీగా చేస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఇదివరకే ఒకసారి తప్పాడు. మళ్ళీ తప్పితే, అదే కాలేజీలో ఒక ఏడు వెనక చదువుతున్న సొంత చెల్లెలి పక్కన కూర్చోవాలి.

"అన్నయ్యా, కిటికీ పక్క సీటు నీకే ఉంచమంటావా?" అంది చెల్లెలు, చెప్పులేసుకుంటూ.

"నోర్మూసుకుని నడువు," అన్నాడు తాపీ, సంచీ భుజానికి తగిలించుకుంటూ.

ఈ చదువులో ఇళ్ళు గీయడం ఎప్పుడో పాతబడింది. "భవనాన్ని గీయకూడదు, పుట్టనివ్వాలి" అంటారు ప్రొఫెసర్ గారు. కంప్యూటర్‌లో ఒక పెట్టె పెట్టి, దాని మీదికి గాలినీ జనాన్నీ తోలాలి. అది మెలికలు తిరుగుతుంటే సరైన క్షణంలో ఆపాలి. ఆపినచోట ఏముంటే అదే భవనం. ఆయన ఇంతవరకూ ఒక్క గోడ కట్టించిన పాపాన పోలేదు కనుక, ఈ పద్ధతిలో లోపమేమిటో ఎవరికీ దొరకలేదు.

మార్కులు వేసే జ్యూరీ ముందు తాపీ గారి గ్రంథాలయం తెరకెక్కింది. కంగారులో అతను 'గాలి' బటన్ బదులు పక్కనున్న 'బరువు' బటన్ నొక్కాడు. స్తంభాలు చతికిలబడ్డాయి, కప్పు ఒరిగింది, ఒక కిటికీ బార్లా తెరుచుకుంది. పూర్తిగా కూలేలోపు కంప్యూటర్ బిగుసుకుపోయింది. ఎంత నొక్కినా ఉలుకూ లేదు పలుకూ లేదు.

ప్రొఫెసర్ గారు లేచి నిలబడ్డారు. "అబ్బ! సరిగ్గా ఇక్కడే ఎందుకు ఆపావయ్యా?"

"నేను ఆపలేదు సార్. అదే ఆగింది."

"విన్నారా!" ఆయన కళ్ళు చెమర్చాయి. "'ఆపాను' అనలేదు, 'ఆగింది' అన్నాడు! 'నేను' అన్న అహం లేదు. ఇన్నేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఇదే!"

అర్థం కాలేదని తెలిసిపోతుందేమోనన్న భయంతో మిగతా వాళ్ళూ తలలూపారు. తాపీకి ప్రాణం లేచొచ్చింది.

"మరి ఆ కిటికీ?" అడిగారొకరు.

"అదే తెరుచుకుందండి."

"స్తంభాలు?"

"వాటంతటవే వంగాయండి."

తాను చేయలేదన్నకొద్దీ మార్కులు పెరిగాయి. ఇంతలో కంప్యూటర్‌కి స్పృహ వచ్చింది. మిగిలిన కప్పూ గోడలూ దబదబా కూలి, తెర మీద ఒక కుప్ప మిగిలింది.

"ఇదేంటయ్యా?" ప్రొఫెసర్ గారి గొంతు నీరసించింది.

"అదే... కూలిందండి."

జ్యూరీలో తల ఊపనిది ఒక్కావిడే. బయటి నుంచి పరీక్షించడానికి వచ్చిన ఆర్కిటెక్టు, నిజంగానే భవనాలు కట్టించే మనిషి. "ఆగిందీ అదే, తెరుచుకుందీ అదే, కూలిందీ అదే. మరి నువ్వేం చేశావు బాబూ?"

తాపీ తెర మీది కుప్ప వైపు వేలు చూపించాడు. "పక్కనే ఉన్నానండి."

"అయినా డిజైన్ అద్భుతం కదండీ!" అన్నారు ప్రొఫెసర్ గారు. పొగిడిన నోటితో తిట్టడం ఆయనకు అలవాటు లేదు.

"కాదని ఎవరన్నారు? ఎవరు చేస్తే వాళ్ళకే వెయ్యండి మార్కులు," అందావిడ.

సాయంత్రం ఫలితాలు గోడకెక్కాయి. తాపీ తప్పాడు, అతని డిజైన్ మాత్రం క్లాసులో మొదటొచ్చింది.