మునిగిన ఊరికి మంత్రిగారు

దేశాన్ని ఏలేవాడికి తెలివి ఉండకూడదు. తాతలుండాలి!

మీరు నవ్వుతారని తెలుసు. లండన్ కాఫీ హోటళ్లలో వెచ్చగా కూర్చుని ఈ పత్రిక తిరగేసేవాళ్లకి నవ్వడం సులువే. కానీ ఒక్కసారి ఆలోచించండి. తెలివి ఎవడికైనా ఉంటుంది. మా వీధిలో చేపలు కోసే ఆవిడకీ ఉంది, ఆవిడ పిల్లికీ ఉంది. అంతమాత్రాన పిల్లిని మంత్రిని చేస్తామా? తాతల సంగతి వేరు. అందరికీ ఉన్నా కొందరికే ఉన్నట్టు లెక్క. అదీ గొప్పతనం!

మా లార్డ్ క్రిస్పిన్ హాల్డెన్‌బీ గారినే తీసుకోండి. డ్యూక్ గారి రెండో అబ్బాయి. మా సాల్ట్‌మియర్ ఊరి తరఫున పార్లమెంటు సభ్యులు, ఆపైన తీరప్రాంతాల మంత్రి. సముద్రం పేరెత్తితే ఆయనకి కడుపులో తిప్పుతుంది. భోజనాల బల్ల మీద సూప్ గిన్నె కాస్త కదిలినా లేచి వెళ్లిపోతారు. అలాంటి మనిషి తీరాలకి మంత్రిగా ఉండటం ఎంత త్యాగం!

ఆయన వంశానికి మూలపురుషుడు సర్ గీ. ఇంగ్లండుని జయించడానికి నార్మండీ సేనతో బయల్దేరాల్సినవాడు పడవంటే భయంతో తాత్సారం చేసి, యుద్ధం ముగిసిన మర్నాడు ఇక్కడ దిగాడు. అప్పటికి మిగతా వీరుల గుర్రాలన్నీ కుంటుతున్నాయి. ఈయన గుర్రం ఒక్కటే నిద్రలేచి హుషారుగా ఉంది. దాంతో అందరికంటే ఎక్కువ దూరం తిరిగి, అందరికంటే ఎక్కువ నేలకి హద్దురాళ్లు పాతాడు. ఆలస్యాన్ని ఇంత సద్వినియోగం చేసుకున్న వంశం ఇంకోటి చూపించండి!

కొన్ని తరాల తర్వాత ఒక ముత్తవ్వగారు. రాజుగారికి ఒంట్లో నలతగా ఉందని కబురొస్తే సేవ చేయడానికి కోటకి వెళ్లారు. ఏళ్ల తరబడి చేశారు. నలత తగ్గలేదు గానీ ముత్తాతగారు డ్యూక్ అయిపోయారు. అప్పుడు ముత్తాతగారు ఏం చేస్తున్నారంటారా? కుందేళ్లని వేటాడుతున్నారు. ఎవరి పని వాళ్లది!

ఇంత వంశం వెనకాలున్నవాడికి చదువెందుకు? అయినా చదివారు. స్కూల్లో లాటిన్ నేర్చుకుని, బయటికొచ్చేటప్పుడు అక్కడే వదిలేసి వచ్చారు. ఇటలీ వెళ్లి తలలేని విగ్రహం ఒకటి తెచ్చుకున్నారు. చూసినవాళ్లంతా వంశపోలిక ఉందన్నారు. పార్లమెంటులో మొదటి ఏడాదంతా నిద్రపోయారు. ఇంతలో మంత్రివర్గం కూలింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని సభ్యుడి కోసం వెతుకుతుంటే ఈయన కనబడ్డారు. లేపి మంత్రిని చేశారు.

ఇక మా ఊరి సంగతి.

సాల్ట్‌మియర్‌ని సముద్రం తింటోంది. పాత బజారు వీధి మా తాతల కాలంలోనే మునిగింది. నా చిన్నప్పుడు సగం చర్చి పోయింది. మిగిలిన సగంలో పెళ్లిళ్లు జరుగుతుంటే, పెళ్లికొడుకు వెనక్కి అడుగేస్తాడేమోనని అందరికీ గుండె దడే. పోయిన చలికాలం తబితా క్రౌచ్ వాళ్ల పెరడు పోయింది.

తబితా పడవ నడుపుతుంది, హెర్రింగ్ చేపలకి పొగబెట్టి అమ్ముతుంది. మొగుడూ తమ్ముడూ ఒకే గాలివానలో పోయారు. ఇంట్లో మిగిలింది తనూ, ముసలి అత్తా. పెరడు పోయిన పొద్దున అత్తగారు బట్టలారేయడానికి వెనక తలుపు తీసింది. ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేదు. మెల్లగా తలుపేసి, తడిబట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది.

అడ్డుగోడ కట్టించమని అడగడానికి తబితా, నేనూ లండన్ వెళ్లాం. దొరగారు పూర్వీకుల పటాలున్న హాల్లో మమ్మల్ని కలిశారు.

"మీది ఏ వంశం తల్లీ?" అని అడిగారు తబితాని.

"హెర్రింగులు పట్టే వంశం దొరగారూ. తరతరాలుగా అక్కడే పడుతున్నాం, అక్కడే పోతున్నాం."

"మునిగా?"

"చాలామంది మునిగే."

"అయితే సముద్రం మీకు చుట్టమేగా! ఇంటికొచ్చే చుట్టానికి ఎవరైనా అడ్డంగా గోడ కడతారా?" అని దొరగారు పకపకా నవ్వారు.

"చుట్టమైతే అన్నం తిని పోతుంది దొరగారూ. ఇది ఇల్లు తింటోంది."

దొరగారు ఆ మాటకి జవాబుగా సర్ గీ పటం చూపించారు. తర్వాత ఆయన కొడుకుది. తర్వాత మనవడిది. చీకటి పడే వేళకి ముత్తవ్వగారి దగ్గరికొచ్చాం.

"ఈ అమ్మగారేం చేశారండీ?" అంది తబితా.

"రాజుగారికి ఒంట్లో బాగాలేకపోతే సేవ చేశారు."

"ఎక్కడ నొప్పి?"

ఆ వెంటనే మమ్మల్ని బయటికి పంపించేశారు. గోడ ఊసు అక్కడితో సరి.

ఇంతలో ఎన్నికలొచ్చాయి. మా ఊళ్లో ఓటు మనిషికి కాదు, స్థలానికి. పాతకాలపు రాజుగారు ఇచ్చిన సనదు ప్రకారం, పాత బజారు వీధిలో స్థలం ఉన్నవాడికే ఓటు. ఆ వీధి సముద్రం అడుగున ఉంది. అక్కడి స్థలాలన్నీ డ్యూక్ గారు ఎప్పుడో కొనేసి, తమ వంటవాడు, బండివాడు, విగ్గులు దువ్వేవాడు, వేటకుక్కల్ని చూసేవాడు, ఈ నలుగురి పేర పెట్టేశారు. గట్టు మీద ఊపిరితో ఉన్న మాలో ఎవరికీ ఓటు లేదు. ఇంత ప్రశాంతమైన నియోజకవర్గం ఇంకెక్కడైనా ఉందా? రోడ్డడగదు, బావి అడగదు, గోడ అసలే అడగదు!

ఓటు మాత్రం ఆ వీధిలోనే, నిలబడ్డవాడి ఎదురుగానే వేయాలి. అంటే పడవెక్కాలి. ఆ రోజు ఊళ్లో పడవలన్నీ వేటకెళ్లాయి, నిజంగానో అబద్ధంగానో. తబితా పడవ ఒక్కటే దొరికింది. దొరగారూ, నలుగురు ఓటర్లూ, పత్రిక తరఫున నేనూ ఎక్కాం. తబితా తెడ్లు వేసింది.

పాత బజారు వీధి మునిగిన చోటికి రాగానే దొరగారు లేచి నిలబడ్డారు. ముఖం ఆకుపచ్చగా ఉంది. "నా ప్రియమైన సాల్ట్‌మియర్ ప్రజలారా!" అని, గబుక్కున బకెట్లోకి వంగారు. వంటవాడు చప్పట్లు కొట్టాడు. నలుగురూ చేతులెత్తారు. ఎన్నిక అయిపోయింది.

"ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని ఆనవాయితీగా అడిగారు దొరగారు, బకెట్లోంచే.

"నాకుంది" అంది తబితా.

"నీకు ఓటు లేదు కదా తల్లీ. నీ ఇల్లు ఇంకా గట్టు మీదే ఉంది."

"అదీ మునిగితే?"

"అప్పుడు నీకు ఇల్లు కూడా ఉండదు" అన్నారు దొరగారు. తర్కంలో ఆయన్ని తప్పుపట్టలేం. "ఇక పోనీయ్ త్వరగా, నావల్ల కాదు."

తబితా తెడ్లు రెండూ పైకి తీసి ఒళ్లో పెట్టుకుంది. పడవ అడ్డం తిరిగి ఊగడం మొదలెట్టింది.

"ఆపావేం?"

"మీ నియోజకవర్గం వచ్చింది దొరగారూ. దిగండి."

దొరగారు నీళ్లలోకి తొంగి చూసి వెనక్కి జరిగారు. "నాకు ఓటొద్దమ్మా, గట్టు చాలు" అని వంటవాడు ఏడుపు లంకించుకున్నాడు.

"భయపడకండి. మావాళ్లే ఉన్నారు కింద" అంది తబితా. గొంతు పెంచలేదు. "మా ఆయన ఉన్నాడు, తమ్ముడున్నాడు. సభ్యుడుగారు ఒక్కసారైనా వాళ్లని పలకరిస్తే బాగుంటుందని."

దొరగారు సర్ గీ మొదలుకుని ముత్తవ్వగారి దాకా ఒక్కొక్కరి పేరూ చెప్పి, గోడ కట్టిస్తానని ఒట్టేశారు. తబితా నమ్మినట్టు కనబడలేదు. ఇంట్లో అత్తగారు ఒక్కతే ఉందని తెడ్లు అందుకుంది.

గట్టెక్కాక దొరగారు లాయరుని సంప్రదించారు. నీళ్ల మీద వేసిన ఒట్టు నేల మీద చెల్లదని లాయరుగారు తేల్చేశారు. గోడ రాలేదు. పోయిన నెల తబితా వంటగది పోయింది. అత్తాకోడళ్లని మా ఇంటికి తెచ్చుకున్నాం. మాది రెండో వరస ఇల్లు. ఇప్పుడది మొదటి వరస.

అయినా నా అభిప్రాయం మారలేదు. వంశం వంశమే! మా దొరగారు మళ్లీ నిలబడాలి, మళ్లీ గెలవాలి. గెలవాలంటే మళ్లీ పడవెక్కాలి కదా. తబితా అప్పుడే పడవకి తారు పూస్తోంది. ఈసారి లాయరుగారిని కూడా ఎక్కించుకుంటానంటోంది.